మోగిన గంట... వినని చెవి!

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో నది ఒడ్డున ఓ విమానాశ్రయం ఉంది. ఊరి మధ్యలోనే రన్‌వే! దాన్ని ఆనుకునే పెద్ద రోడ్డు, రోడ్డు పక్కన చేపలు పట్టేవాళ్లు, తినుబండారాల బళ్లు. అక్కడి నుంచే 'లాపా' అనే చిన్న ప్రైవేటు విమాన సంస్థ రెక్కలు విప్పింది. సామాన్యుణ్ని విమానం ఎక్కించింది. అక్కడే కుప్పకూలింది.

*

బ్యూనస్ ఎయిరిస్ వెళ్లినవాళ్లు మొదటిసారి రియో దె లా ప్లాతాను చూసి ఇది నదా, సముద్రమా అని తికమకపడతారు. ఎంత దూరం చూసినా అవతలి ఒడ్డు కనిపించదు. 'ప్లాతా' అంటే స్పానిష్‌లో వెండి. పేరైతే వెండి నదే కానీ నీళ్లు మాత్రం మన గోదావరికి కొత్తనీరు వచ్చినట్టు ఎర్రమట్టి రంగు. స్థానికులు దాన్ని సింహం రంగు అంటారు. ఆ నది వెంటే సాగుతుంది కోస్తనేరా రోడ్డు. సాయంత్రమైతే చాలు, జనం గోడ మీద కూర్చుని గాలాలు వేస్తారు. బళ్ల దగ్గర బొగ్గుల మీద కాల్చిన సాసేజ్‌ని రొట్టె మధ్యలో పెట్టి ఇస్తారు. దాని పేరు చోరిపాన్. మనకు మిరపకాయ బజ్జీ ఎలాగో వాళ్లకు అది అలాగ.

ఆ రోడ్డుకు ఇటు నది. అటు... విమానాలు! కంచె అవతల రన్‌వే. తలెత్తితే చక్రాలు కనిపించేంత కిందుగా విమానాలు వచ్చి దిగుతుంటాయి. పిల్లలకు అదో వేడుక. తల్లిదండ్రులు వాళ్లను తీసుకొచ్చి కంచె దగ్గర నిలబెట్టి చూపిస్తుంటారు. అదే ఎయిరోపార్కె. పేరులోనే పార్కు ఉంది. 1947లో మొదలైన ఈ విమానాశ్రయం దేశంలోపలి ప్రయాణాలకు గుండెకాయ లాంటిది. విదేశాలకు వెళ్లే పెద్ద విమానాలు ఎక్కువగా ఊరికి దూరంగా ఉన్న ఎసెయిసా నుంచి బయల్దేరతాయి. ఊరి నడిబొడ్డున టాక్సీ ఎక్కి పావుగంటలో విమానం దగ్గరికి చేరగలిగేది మాత్రం ఇక్కడికే.

బెలూన్‌లో దాటిన నది

ఈ విమానాశ్రయానికి పెట్టిన పేరు హోర్హే న్యూబెరీ. అర్జెంటీనాలో గాలిలో ఎగరడం అంటే ముందు గుర్తొచ్చేది ఆయనే. 1907 డిసెంబరు 25న, అంటే సరిగ్గా క్రిస్మస్ రోజున, ఆరోన్ దె ఆంచొరేనా అనే మిత్రుడితో కలిసి 'పంపేరో' అనే బెలూన్‌లో ఈ నదిని దాటి అవతల ఉరుగ్వేలో దిగారు. ఊరు ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. మరుసటి ఏడాది అదే బెలూన్‌లో ఎగిరిన ఆయన తమ్ముడు ఎదువార్దో మళ్లీ కనిపించలేదు. బెలూనూ దొరకలేదు. హోర్హే 1914లో విమాన ప్రమాదంలోనే చనిపోయారు. ఎగరాలన్న ఆశ, ఎగిరితే పడే మూల్యం... రెండూ ఈ ఒడ్డుకు మొదటి నుంచీ తెలిసినవే.

న్యూబెరీ దాటిన నదినే నమ్ముకుని పుట్టింది లాపా. పూర్తిపేరు 'లీనియాస్ ఎయిరియాస్ ప్రివాదాస్ అర్జెంతీనాస్'. అర్జెంటీనా ప్రైవేటు విమాన మార్గాలు అని అర్థం. 1976లో సంస్థ పెట్టారు. సరిగ్గా అదే ఏడాది ఆ దేశంలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. దేశీయ విమానయానమంతా ప్రభుత్వ సంస్థ ఏరోలీనియాస్ అర్జెంతీనాస్, దాని తర్వాత ఆస్త్రాల్ చేతుల్లో ఉన్న రోజులవి. ఓ చిన్న ప్రైవేటు సంస్థకు మిగిలేవి పెద్దవాళ్లు పట్టించుకోని ఊళ్లూ, చిన్న విమానాలూ.

నదికి అవతల ఉన్న కొలోనియా దెల్ సాక్రమెంతో అలాంటిదే. పోర్చుగీసువాళ్లు 1680లో కట్టిన ఊరది. రాళ్లు పరిచిన వీధులు, పెంకుటిళ్లు, ఓ దీపస్తంభం. 1995లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 50 కిలోమీటర్లు. మనకు హైదరాబాద్ నుంచి భువనగిరి అంత. పడవ ఎక్కితే గంటకు పైనే. చిన్న విమానమైతే ఇలా ఎక్కి అలా దిగడమే! లాపా ఆ మార్గంలో తిరిగింది. ఇరవై మంది కూడా పట్టని మెట్రో విమానాలతో మొదలుపెట్టి తర్వాత కాస్త పెద్దవైన సాబ్ 340లను తెచ్చింది.

అందరికీ ఆకాశం

1984లో లాపాను గుస్తావో ఆంద్రెస్ డాయిచ్ అనే వ్యాపారవేత్త కొన్నారు. కథ మలుపు తిరిగింది ఆ తర్వాత దశాబ్దంలో. కార్లోస్ మెనెమ్ అధ్యక్షుడయ్యాక ప్రభుత్వ సంస్థల్ని వరసగా అమ్మేశారు. 1990లో ఏరోలీనియాస్ కూడా స్పెయిన్‌కు చెందిన ఐబీరియా చేతికి వెళ్లింది. విమాన మార్గాల మీద ఉన్న కట్టుబాట్లు సడలాయి. 1991లో ఒక పెసోకు ఒక డాలరు అని చట్టం చేశారు. దాంతో విదేశాల నుంచి విమానాలు తెచ్చుకోవడం తేలికైంది.

అర్జెంటీనా చిన్న దేశం కాదు. భారతదేశంలో దాదాపు 85 శాతం ఉంటుంది. జనమేమో పలచన. ఉత్తరాన ఎండలు మండే సాల్తా నుంచి దక్షిణాన మంచు కప్పిన ఉష్వాయా వరకూ బస్సులో వెళ్లాలంటే రోజులకు రోజులు. రాజధాని నుంచి రెండో పెద్ద నగరం కోర్దొబాకే 700 కిలోమీటర్లు. మనవాళ్లు హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి విశాఖలో దిగినట్టే వాళ్లూ రాత్రంతా ప్రయాణం చేసేవారు. విమానం ఎక్కడం డబ్బున్నవాళ్ల వ్యవహారం.

1993లో లాపా బోయింగ్ 737 జెట్‌లను తెచ్చింది. టికెట్ల ధర తగ్గించింది. అంతవరకూ బస్సు కిటికీలోంచి ఆకాశాన్ని చూసినవాళ్లు విమానం కిటికీలోంచి బస్సుల్ని చూడటం మొదలుపెట్టారు! చదువుల కోసం రాజధానికి వచ్చిన పిల్లలు పండక్కి విమానంలో ఇంటికెళ్లారు. చిరువ్యాపారులు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చారు. పెద్ద సంస్థలు కూడా ధరలు తగ్గించక తప్పలేదు. నది దాటించే చిన్న సంస్థ కొన్నేళ్లలోనే దేశమంతా తిరిగే గట్టి పోటీదారుగా మారింది. ఆ దశాబ్దం చివరికి కొత్తరకం 737-700లు, ఇంకా పెద్దదైన 767 కూడా లాపా రంగుల్లో కనిపించాయి.

అయితే ఎదుగుదల వేరు, వేగం వేరు. విమానాలను అద్దెకు తేవచ్చు. పైలట్లను, మెకానిక్‌లను, వాళ్లకు తర్ఫీదునిచ్చే పద్ధతులను అంత తొందరగా తయారుచేసుకోలేం. ఈ మాట బయటివాళ్లు కాదు, లోపలి మనిషే అన్నాడు.

డాక్టరు పైలట్

ఎన్రీకే పిన్యేరో వృత్తిరీత్యా వైద్యుడు. విమానయాన వైద్యం చదివారు. ప్రమాదాల దర్యాప్తు మీద ఆసక్తి. నటుడు కూడా. వీటన్నిటికీ తోడు లాపాలో పైలట్. 1988 నుంచి ఆ సంస్థ విమానాలు నడిపారు. అది పెరగడం కళ్లారా చూశారు. భద్రత విషయంలో సంస్థ వదిలేస్తున్న లోపాల మీద పైవాళ్లకు చెప్పారు, రాశారు. పరిస్థితి ఇలాగే సాగితే ప్రమాదం తప్పదని హెచ్చరించారు. ఫలితం లేకపోయింది. 1999 జూన్‌లో ఉద్యోగం వదిలేశారు.

అప్పటికి ప్రమాదానికి రెండు నెలలే ఉంది.

ఆ రాత్రి 8:54

1999 ఆగస్టు 31. మంగళవారం. అక్కడ అది చలికాలం. ఎయిరోపార్కెలో కోర్దొబా వెళ్లే లాపా 3142 సిద్ధంగా ఉంది. 1970లో తయారైన బోయింగ్ 737-200 అది. దాని రిజిస్ట్రేషన్ ఎల్‌వీ-డబ్ల్యూఆర్‌జెడ్. లోపల 95 మంది ప్రయాణికులు, అయిదుగురు సిబ్బంది. మొత్తం వంద మంది.

ఆ తర్వాత ఏం జరిగిందో బ్లాక్‌బాక్స్ చెప్పింది. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లతో పాటు కేబిన్ సిబ్బంది పెద్ద కూడా ఉన్నారు. సొంత విషయాల మీద మాటలు సాగుతున్నాయి. సిగరెట్లు కాలుస్తున్నారు. బయల్దేరే ముందు ఒక్కొక్కటిగా చదువుతూ సరిచూసుకోవాల్సిన జాబితా ఆ కబుర్ల మధ్యలో కలిసిపోయింది. అందులో ఒక ముఖ్యమైన పని ఉండిపోయింది. అదే ఫ్లాప్స్.

విమానం ఎక్కినప్పుడు రెక్క పక్కన కూర్చుంటే గమనించవచ్చు. బయల్దేరే ముందు రెక్క వెనక అంచు నుంచి కొన్ని పలకలు కిందికి దిగుతాయి. రెక్క వెడల్పూ వంపూ పెరిగి తక్కువ వేగంలోనే విమానాన్ని పైకెత్తగలుగుతుంది. అవి దించకపోతే అంత బరువున్న జెట్ మామూలు వేగంలో గాల్లో నిలవలేదు. అందుకే తయారీదారులు ఓ ఏర్పాటు చేశారు. ఫ్లాప్స్ దించకుండా ఇంజిన్ల శక్తి పెంచితే కాక్‌పిట్‌లో గంట మోగుతుంది. ఇంకా బయల్దేరవద్దు, ఏదో మరచిపోయారు అని దాని అర్థం.

ఆ రాత్రి గంట మోగింది. విమానం పరుగు మొదలైనప్పటి నుంచీ మోగుతూనే ఉంది. అప్పుడే ఇంజిన్లు తగ్గించి బ్రేకు వేసి ఉంటే కాస్త ఆలస్యంగా కోర్దొబా చేరేవారు, అంతే. పైలట్లు ఆపలేదు. విమానం ముక్కు ఎత్తారు. లేవలేదు. రన్‌వే చివర దాటి, కంచె తెంచుకుని, కోస్తనేరా రోడ్డు మీదికి దూసుకెళ్లింది. అప్పుడే వెళ్తున్న ఓ కారును ఢీకొంది. రోడ్డు పని యంత్రాలను గుద్దింది. గ్యాస్ సరఫరా కేంద్రాన్ని తాకి, గోల్ఫ్ మైదానం దగ్గరి మట్టికట్ట దగ్గర ఆగింది. ఆ వెంటనే మంటలు.

విమానంలోని వందమందిలో 63 మంది చనిపోయారు. నేల మీద మరో ఇద్దరు. మొత్తం 65. ఇద్దరు పైలట్లూ బతకలేదు. 37 మంది ప్రాణాలతో బయటపడ్డారు. ఊరికి దూరంగా ఏ కొండల్లోనో జరిగిన ప్రమాదం కాదది. జనం షికారుకు వచ్చే చోట, ఇళ్లల్లో రాత్రి భోజనాలకు సిద్ధమయ్యే వేళ జరిగింది. టీవీల్లో ఆ మంటల్ని చూసిన దేశం నిశ్చేష్టమైంది.

తప్పు ఎవరిది?

2000లో దర్యాప్తు నివేదిక వచ్చింది. పైలట్లు ఫ్లాప్స్ మరచిపోయారు, హెచ్చరికను పట్టించుకోలేదు అని తేల్చింది. అది నిజమే. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అదే నివేదికలో మరో విషయం కూడా ఉంది. శిక్షణ సమయంలో పైలట్ల లోపాలు పదే పదే కనిపించాయని వాళ్ల రికార్డుల్లోనే రాసుంది!

చనిపోయినవాళ్ల కుటుంబాల ప్రశ్న అక్కడే మొదలైంది. లోపాలున్నాయని కాగితం మీద రాసినవాళ్లు మళ్లీ అదే మనిషిని కెప్టెన్ సీట్లో ఎందుకు కూర్చోబెట్టారు? సంస్థ చూడకపోతే ప్రభుత్వం ఏం చేస్తోంది? చనిపోయిన ఇద్దరు పైలట్ల మీద మొత్తం నేరం మోపి ఫైలు మూసేస్తే సరిపోతుందా?

రెండో ప్రశ్నకు జవాబు అర్జెంటీనా చరిత్రలో ఉంది. అప్పటికి అక్కడ పౌర విమానయానం మొత్తం వైమానిక దళం చేతుల్లో ఉండేది. పైలట్లకు లైసెన్సులిచ్చేది వాళ్లే. సంస్థల్ని తనిఖీ చేసేది వాళ్లే. విమానాలకు దారి చూపేదీ వాళ్లే. ప్రమాదం జరిగితే దర్యాప్తు చేసేదీ వాళ్లే! 1983లో సైనిక పాలన పోయి ప్రజాస్వామ్యం వచ్చినా ఈ పెత్తనం అలాగే ఉండిపోయింది. పరీక్ష పెట్టేవాడే తన తప్పులకు మార్కులు వేసుకున్నట్టు.

కుటుంబాలు సంఘంగా ఏర్పడ్డాయి. కోర్టుల చుట్టూ తిరిగాయి. విచారణ మొదలవడానికే 2008 దాకా పట్టింది. యజమాని డాయిచ్‌తో సహా సంస్థ పెద్దలు బోనెక్కారు. 2010లో తీర్పు వచ్చింది. డాయిచ్ నిర్దోషి అన్నారు. విమానాల నిర్వహణ చూసిన ఇద్దరు అధికారులకు మూడేళ్ల శిక్ష వేశారు కానీ జైలుకు వెళ్లక్కర్లేదన్నారు. 2014లో పై కోర్టు కాలదోషం పట్టిందంటూ దాన్నీ తీసేసింది. అంటే 65 మంది చనిపోతే చివరికి ఒక్కరికీ శిక్ష పడలేదు.

సినిమా కదిలించిన ఫైలు

కోర్టులో జరగనిది థియేటర్లో జరిగింది. పిన్యేరో తన కథనే సినిమాగా తీశారు. 2004లో వచ్చిన ఆ సినిమా పేరు 'విస్కీ రోమియో జులు'. విమానయాన భాషలో అక్షరాలను పలికే పద్ధతి అది. డబ్ల్యూ, ఆర్, జెడ్. కూలిపోయిన విమానం రిజిస్ట్రేషన్‌లోని చివరి మూడు అక్షరాలు! పైలట్ పాత్రలో ఆయనే నటించారు. 'ఎగరను' అని చెప్పిన పైలట్‌ను పక్కన పెట్టి, 'సరే' అన్నవాళ్లను ముందుకు తెచ్చే పద్ధతి ఎలా ఉంటుందో అందులో చూపించారు.

ఆయన అక్కడితో ఆగలేదు. 2006లో 'ఫుయెర్సా ఏరియా సొసైదాద్ అనోనిమా' అనే డాక్యుమెంటరీ తీశారు. 'వైమానిక దళం లిమిటెడ్' అనుకోవచ్చు. విమానాశ్రయాల్లో, నియంత్రణ కేంద్రాల్లో పరిస్థితి ఎంత అధ్వానంగా ఉందో కెమెరాకు చిక్కించి జనం ముందు పెట్టారు. అది చూసి దేశం మళ్లీ ఉలిక్కిపడింది. ఆ ఏడాదే ప్రభుత్వం పౌర విమానయానాన్ని సైన్యం నుంచి తప్పించాలని నిర్ణయించింది. 2007లో ఆదేశాలు వచ్చాయి. ఆ తర్వాత పౌర అధికారుల కింద 'ఆనాక్' అనే జాతీయ సంస్థ ఏర్పడింది. చట్టంతో కాలేదు, కన్నీళ్లతో కాలేదు. ఒక మొండిమనిషి కెమెరాతో అయింది.

రెక్కలు రాలిన సంస్థ

మరి లాపా ఏమైంది? ప్రమాదం తర్వాత దాని పేరు చెబితేనే జనం భయపడ్డారు. అయినా కొంతకాలం ఈదింది. 2001లో డాయిచ్ సంస్థను అమ్మేశారు. కొన్నది ఎదువార్దో ఎయిర్నెకియాన్. దేశంలోని విమానాశ్రయాలను నడిపే కంపెనీ యజమాని ఆయనే. అంతా అయిపోయిందనుకున్న సంస్థకు కొత్త రక్తం ఎక్కుతుందనుకున్నారు.

అప్పుడే నేల కంపించింది. 2001 డిసెంబరులో దేశం ఆర్థికంగా కుప్పకూలింది. బ్యాంకుల్లో డబ్బు తీసుకోనివ్వలేదు. వీధుల్లో జనం గిన్నెలు మోగిస్తూ ఊరేగారు. 2002 జనవరిలో ఒక పెసోకు ఒక డాలరు అన్న చట్టం పోయింది. ఏడాది మధ్యకొచ్చేసరికి డాలరుకు మూడున్నర పెసోల పైనే ఇవ్వాల్సొచ్చింది. ఇక విమాన సంస్థ లెక్క ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. విమానాల అద్దె డాలర్లలో, విడిభాగాలు డాలర్లలో, టికెట్ డబ్బులు మాత్రం పెసోల్లో. పైగా టికెట్ కొనేవాళ్ల జేబులే ఖాళీ. సామాన్యుణ్ని నమ్ముకుని ఎదిగిన సంస్థ, సామాన్యుడు కుదేలైనప్పుడు నిలబడలేకపోయింది. యాజమాన్యం మళ్లీ చేతులు మారింది. 2003లో లాపా ఎగరడం ఆగిపోయింది.

రోడ్డున పడ్డ ఉద్యోగుల్ని ఆదుకోవడానికి అదే ఏడాది ప్రభుత్వం 'లాఫ్సా' అనే కొత్త విమాన సంస్థను పెట్టింది. విచిత్రమేమిటంటే దానికి ఉద్యోగులున్నారు, కార్యాలయం ఉంది, జీతాలున్నాయి. విమానాలే లేవు! సొంతంగా ఒక్కటీ ఎగరకుండానే అది కాలగర్భంలో కలిసింది. 2008లో ఏరోలీనియాస్ మళ్లీ ప్రభుత్వం చేతికొచ్చింది. చక్రం తిరిగి మొదటికే వచ్చింది. చౌక టికెట్ల ఆశ మాత్రం చావలేదు. 2018లో ఫ్లైబోందీ అనే సంస్థ తక్కువ ధరలతో మళ్లీ అదే జనాన్ని పిలిచింది. లాపా నేర్పిన అలవాటది.

ఆ తర్వాత

2014 సెప్టెంబరు 14న బ్యూనస్ ఎయిరిస్ శివార్లలోని నార్దెల్తాలో ఓ చిన్న విమానం ఇంటి మీద కూలింది. అందులో ఉన్నది గుస్తావో ఆంద్రెస్ డాయిచ్, ఆయన భార్య. ఇద్దరూ చనిపోయారు. కేసు నుంచి సంస్థ అధికారులు బయటపడిన ఏడాదే అది.

పిన్యేరో కథ మరో దారి పట్టింది. బ్యూనస్ ఎయిరిస్‌లో 'అంచొయీతా' అనే రెస్టారెంటు పెట్టి వంటవాడిగానూ పేరు తెచ్చుకున్నారు. అంతటితో ఊరుకోకుండా బోయింగ్ 787 కొన్నారు! వ్యాపారానికి కాదు. 2022లో యుక్రెయిన్ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులను ఆ విమానంలో సురక్షిత దేశాలకు చేర్చారు. నడిపింది ఆయనే.

కోస్తనేరా మీద, విమానం ఆగిపోయిన చోటుకు దగ్గర్లో, 65 మంది జ్ఞాపకంగా స్మారకం ఉంది. ఏటా ఆగస్టు 31న వాళ్ల కుటుంబాలు అక్కడికి వస్తాయి. పూలు పెడతాయి. పేర్లు ఒక్కొక్కటిగా చదువుతాయి. మధ్యలో ఏ విమానమో కంచె అవతల పరుగు అందుకుంటుంది. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి, తర్వాతి పేరు చదువుతారు.